ఫర్వానియా కౌంటర్ దగ్గర

ఏ కార్డు మంచిదని అడగొద్దు ముందు.
ఏడాదికెన్నిసార్లు ఎగురుతావు,
టికెట్టు డబ్బు ఎవరి జేబులోది,
నేరుగా పోతావా, కొలంబోలో ఆరు గంటలు
బ్యాగు తలకింద పెట్టుకుని నేలమీద పడుకుంటావా,
అది చెప్పు. కార్డు తర్వాత.

పదకొండేళ్ళుగా ఇదే మాట
ఈ అద్దం సందులోంచి చెబుతున్నాను.
రెండేళ్ళకోసారి చెన్నై పోయే తాపీమేస్త్రికి
పాయింట్ల కార్డెందుకు?
మూడేళ్ళు బతికే పాయింట్లు
రెండో ప్రయాణానికి మంచమెక్కుతాయి,
మూడోదానికి ఉండవు.
అతనికి చౌక విమానమే మేలు:
పాయింట్లివ్వదు, మంచినీళ్ళూ ఇవ్వదు,
ముప్పై కిలోలు మాత్రం మోస్తుంది.
నెలనెలా దమ్మాం తిరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్టరుకైతే
తోకమీద డేగబొమ్మ ఉన్నదాన్ని రాసిస్తాను.
వాళ్ళకి దూరం లెక్క కాదు, ఎన్నిసార్లెక్కావన్నదే లెక్క.
వెండి కార్డొస్తుంది. లాంజ్‌లో ఇడ్లీ దొరుకుతుంది,
ఇడ్లీ అంటే, ఇడ్లీ లాంటిది.

ఈ శుక్రవారం నాగిరెడ్డమ్మ వచ్చింది.
నందలూరు పక్క. సాల్మియాలో ఓ ఇంట్లో
పిల్లోణ్ణి చూసుకుంటుంది.
"పాయింట్లంటారే, అవి నాకూ వస్తాయా అబ్బయా?"
అలవాటుగా అడిగాను, ఏడాదికెన్నిసార్లని.
"ఊరికా? రెండేండ్లకొకతూరి."
తల అడ్డంగా ఊపబోయాను.
"ఊరికి గాకుండా అయితే..." అని వేళ్ళు మడిచింది.
లండన్. జెనీవా. మళ్ళా లండన్.
కొండా సముద్రమూ ఉండే ఇంకేదో ఊరు, పేరుకు నోరు తిరగలేదు.
రెండో చెయ్యి కూడా కావాల్సొచ్చింది.

విమానం టిక్కెట్లమ్మి బతికే నేను
పదకొండేళ్ళలో ఎక్కింది ఎనిమిది.
ఆమె, ఇరవై మూడు.

"మేడమ్ తెర ముందర, నేను తెర ఎనక.
పిల్లోడేడిస్తే తెచ్చి నా ఒళ్ళో పెడతారు,
నిద్దరపోతే మళ్ళా ఎత్తకపోతారు."

చేతిసంచిలోంచి పాలపొడి డబ్బా తీసింది.
మూత తీస్తే బోర్డింగ్ పాస్ ముక్కలు,
అంచులు వంగి, అక్షరాలు వెలిసి,
ఒకదానికి అరటిపండు మరక.
ఎందుకు దాచావమ్మా అంటే
"నా పేరు అచ్చేసిన కాయితాలు గదా,
పారేయబుద్ధి కాలా."
పేరు పూర్తిగా లేదు ఒక్కదానిమీదా.
గడులు చాలక నాగిరెడ్డ దగ్గరే ఆగిపోయింది.
చివరి అమ్మ ఏ విమానమూ ఎక్కలేదు.

ఆరు నెలలు దాటినవి ఇక రావు.
తేదీలు చూసి వేరు చేశాను,
పద్దెనిమిది అటు, అయిదు ఇటు.
పనికిరాని ఆ పద్దెనిమిదినే
ముందు డబ్బాలో సర్దుకుంది.

ఏ కార్డని అడిగింది.
ఊరికి పోయేదాంది కాదమ్మా,
మీ మేడమ్ ఎక్కేదానిదే తీసుకో అన్నాను.
అలవాటు ఎవరిదైతేనేం,
ఎగిరిన ఒళ్ళు నీది.
ఈ అయిదింటికొచ్చేవి టికెట్టుకు చాలవు గానీ
పది కిలోల లగేజీకి సరిపోతాయి.
"పది కిలోలా" అంది.
ఆ మాటను అరచేతిలో తూచుకుంటూ
కాసేపు ఊరుకుంది.

ఫారం నింపుతున్నాను.
మెయిల్ లేదు, నాది వేశాను.
భోజనం? "బిడ్డ మిగిలిచ్చిందేదో తింటా."
సీటు, కిటికీ పక్కా, నడవ పక్కా?
"కిటికీ పిల్లోడిది గదా."
పిల్లోడు లేనప్పుడు?

వెనక వరసలో ఎవరో దగ్గారు.
నమాజు వేళవుతోంది, షట్టరు సగం దించాలి.
ఆమె గోడమీది క్యాలెండర్లో విమానాన్ని చూస్తోంది,
రెక్క పైన వరసగా ఉన్న
ఆవగింజలంత కిటికీల్ని.

"ఆ గడి కొట్టెయ్యొద్దు అబ్బయా. ఖాళీగా పెట్టు.
వచ్చే శుక్రవారం వచ్చి చెప్తా."